ఫిరంగులు లాగిన ఎడ్లు – పాలు తాగిన దూడలు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల శిక్షణ తరగతిలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో మమ్మల్ని మాట్లాడమన్న అంశం "యుద్ధాలలో సైనికులతో పాటు పనిచేసిన పశువులు". రుణ వసూళ్ళ గురించి, ఆడిట్ అభ్యంతరాల గురించి చెప్పవలసిన ఇన్‌స్పెక్టరు ఈ ఫిరంగుల గొడవ ఎందుకు ఎత్తుకున్నాడా అని కొందరికి అనిపించి ఉండవచ్చు. ఈ కథ చివరకు మన పాకలో కట్టేసి ఉన్న దూడ దగ్గరికే వస్తుంది. కాస్త ఓపిక పట్టి వినవలసిందిగా మనవి.

యుద్ధంలో పశువులు అనగానే మనకు గుర్తుకు వచ్చేవి గుర్రం, ఏనుగు. గుడి గోడల మీద చెక్కినవి అవే, నాటకాలలో పద్యాలు పాడుకునేది వాటి గురించే. అయితే రెండు వందల ఏళ్ళ కిందట మన దక్షిణ దేశంలో సైన్యం ఒక చోటి నుంచి మరొక చోటికి కదలాలంటే ముందుగా కావలసింది ఎద్దు. ఫిరంగిని లాగేది ఎద్దు. మందుగుండు, ఇనుప గుండ్లు, డేరాలు, సిపాయి తినే బియ్యం, అన్నీ ఎడ్ల మీదనే. కోట గోడలు పగులగొట్టే పెద్ద ఫిరంగికి ఒకటి రెండు జతలు చాలవు. పదుల కొద్దీ ఎడ్లను వరుసగా కట్టేవారు. ఘాట్ దారిలో ఎక్కుడు వచ్చినప్పుడు ఏనుగును వెనకాల పెట్టి నొసటితో తోయించేవారు.

ఏనుగుకు బలం ఎక్కువే కాని గుండ్ల మోతకు నిలవదు. 19వ శతాబ్దంలో బ్రిటిష్ ఇండియా సైన్యం బరువైన ఫిరంగులను దారి పొడుగునా ఏనుగులతో లాగించినా, శత్రువు గుండ్లు వచ్చి పడే చోటికి దగ్గరయ్యేసరికి ఏనుగులను విప్పి ఎడ్లను కట్టేది. ఆ మిగిలిన దూరం, అంటే ప్రాణాపాయం ఉన్న దూరం, ఎద్దు వంతు.

వెన్న చావడి

ఇటువంటి ఎడ్లలో పేరెన్నిక గన్నవి మన సరిహద్దుకు ఆవలనే, మైసూరు సీమలో పుట్టిన అమృత్ మహల్ ఎడ్లు. వాటి పుట్టుక పాల సంఘం వాళ్ళమైన మనం తప్పక తెలుసుకోదగినది. విజయనగర రాజుల కాలంలో శ్రీరంగపట్నంలో ఉండిన రాజప్రతినిధి విజయనగరం నుంచి కొన్ని మేలైన ఆవులను తెప్పించి మేపించాడు. తర్వాత వచ్చిన మైసూరు ఒడయార్లు ఆ మందలను పెంచారు. 1672 నుంచి 1704 వరకు ఏలిన చిక్కదేవరాజ ఒడయారు వాటికోసం ఒక ప్రత్యేక శాఖను ఏర్పరచాడు. ఆ శాఖ పేరు "బెణ్ణె చావడి". కన్నడంలో బెణ్ణె అంటే వెన్న. చావడి మనకు తెలిసిన చావడే. రాజుగారి నగరుకు పాలు, వెన్న సమకూర్చడం దాని పని. అంటే ఫిరంగులు లాగిన ఆ ఎడ్ల వంశం మొదట ఒక పాల శాఖలో పుట్టింది.

ఆ మందలు హైదరలీ చేతికి వచ్చాక ఆయన వాటిలోని కోడెలను సైన్యానికి మళ్ళించాడు. ఆయన కొడుకు టిప్పు సుల్తాను ఆ శాఖకు అమృత్ మహల్ అని పేరు మార్చి, దాని నిర్వహణకు ఒక హుకుంనామా రాయించాడు. మన బైలాల వంటిదన్నమాట. మందలను ఎప్పుడు ఎక్కడ మేపాలి, లెక్క ఎట్లా ఉంచాలి అన్నీ నియమం ప్రకారం జరిగేవి. ఏటా మందలన్నిటినీ ఒకచోట చేర్చి లెక్క పెట్టించే పనిని టిప్పు కింది ఉద్యోగులకు వదలక, వీలైనంతవరకు తానే దగ్గరుండి జరిపించేవాడు. రాజ్యం ఏలే మనిషి దూడల లెక్కకు స్వయంగా వచ్చి కూర్చున్నాడంటే దానికి ఆయన ఎంత విలువ ఇచ్చాడో మీరే ఆలోచించండి. మైసూరుతో నాలుగు యుద్ధాలు చేసి ఆయనను చంపిన ఇంగ్లీషువాళ్ళు కూడా ఆ హుకుంనామా నియమాలను మార్చలేదు. వాటినే అనుసరించారు.

మేతకు కేటాయించిన బీళ్ళను కావల్ అంటారు. అవి మూడు రకాలు. ఎండకాలపు కావల్, వానకాలపు కావల్, చలికాలపు కావల్. చెరువు దాపున, పల్లంలో ఉండి ఎండల్లో కూడా పచ్చగడ్డి, చెట్టునీడ దొరికే చోట్లు ఎండకాలపు కావళ్ళు. వీటిలోకి మిగతా కాలాల్లో గొడ్డును తోలనిచ్చేవారు కారు. చైత్ర వైశాఖాల్లో పశువు ప్రాణం నిలిపేది ఆ గడ్డే కాబట్టి దాన్ని కంటికి రెప్పలా కాపాడేవారు.

ఆ ఆవులు ఇచ్చే పాలు ఎక్కువ కావు. నేటి లెక్కలో వాటిని పాడి జాతి అనరు, పని జాతి అంటారు. ఉన్న కాస్త పాలు దూడ పొట్టలోకి పోయేవి. కోడెను నాలుగో ఏట మంద నుంచి విడదీసి పనికి మరిపేవారు. ఏడో ఏటికి పూర్తి బలం వచ్చేది. పన్నెండో ఏటితో ఆ బిగువు తగ్గేది. పద్నాలుగు పదిహేనేళ్ళ దాకా పనిచేసి, పద్దెనిమిదో ఏట ప్రాయికంగా చనిపోయేది. ఈ లెక్కలో మనం గుర్తు పెట్టుకోవలసిన అంకె ఏడు. ఈ రోజు దూడకు తాగించిన పాలు ఏడేళ్ళ తర్వాత ఫిరంగిని లాగుతాయి. యుద్ధం వచ్చిన నాడు మంచి ఎడ్లు కావాలంటే ఏడేళ్ళ వెనకటి దూడలు సరిగా పెరిగి ఉండాలి.

రెండు సైన్యాలు

ఇక ఆ ఎడ్లు చేసిన పని చూడండి. 1781లో ఇంగ్లీషు సేనాపతి ఐర్ కూట్ చిదంబరం మీద పడ్డప్పుడు హైదరలీ రెండున్నర రోజులలో 100 మైళ్ళు, అంటే 160 కిలోమీటర్లు, ఫిరంగులతో సహా నడిచి అక్కడికి చేరుకున్నాడు. అదే సంవత్సరం జులై 1న పరంగిపేట వద్ద జరిగిన యుద్ధంలో హైదరు ఓడిపోయాడు. ఓడినా ఆయన ఫిరంగులు ఆయనవెంటే వెళ్ళిపోయాయి. గెలిచినవాడు వెంటపడలేకపోయాడు. 1783లో టిప్పు బెదనూరును తిరిగి పట్టుకోవడానికి తూర్పు నుంచి పడమటి దాకా ద్వీపకల్పాన్ని ఒక నెలలో దాటాడు. 1790లో జనరల్ మెడోస్ కళ్ళముందే రెండు రోజుల్లో 63 మైళ్ళు నడిచి తప్పించుకున్నాడు. ఓడిపోయిన ప్రతిసారీ ఫిరంగులను శత్రువు చేతికి చిక్కకుండా లాక్కుపోగలగడం వల్లనే ఆ తండ్రీకొడుకులు అన్నేళ్ళు నిలబడగలిగారు.

ఎదుటి సైన్యం సంగతి వేరు. 1780 సెప్టెంబరులో కాంచీపురం వద్ద ఇంగ్లీషు సేనాపతి మన్రో ఉన్నాడు. మన దత్తమండలాల వాళ్ళకు తెలిసిన థామస్ మన్రో కాడు, ఈయన హెక్టర్ మన్రో. ఆయనకు దగ్గరలోనే, పొల్లిలూరు వద్ద, కల్నల్ బెయిలీ దండు సెప్టెంబరు 10న హైదరు చేతిలో నాశనమైపోయింది. మన్రో సకాలంలో కదలలేకపోయాడు. మరునాడు చెంగల్పట్టుకు వెనుదిరుగుతూ, లాగే దిక్కు లేక తన పెద్ద ఫిరంగులను గుడి కోనేట్లో పడేసి పోయాడు.

పదకొండేళ్ళ తర్వాత అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. 1791లో గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ స్వయంగా సైన్యంతో బయలుదేరి మార్చిలో బెంగుళూరు పట్టుకుని, మే నెలలో శ్రీరంగపట్నం ముందు దిగాడు. మే 15న జరిగిన యుద్ధంలో గెలిచాడు కూడా. కాని అప్పటికి ఆయన ఎడ్లు వేలకొద్దీ చచ్చిపోతున్నాయి. దారి పొడుగునా గడ్డి దొరకకుండా టిప్పు ముందే తగలబెట్టించాడు. వానలు పట్టుకున్నాయి, పశువులకు జబ్బు తగిలింది. ఫిరంగులను మనుషులు లాగవలసి వచ్చింది. చివరకు కోట కనబడుతుండగానే, ఎంతో కష్టపడి అక్కడిదాకా తెచ్చిన పెద్ద ఫిరంగులను కార్న్‌వాలిస్ తన చేతులతో తానే పనికిరాకుండా చేయించి, వెనక్కు తిరిగాడు. గెలిచిన యుద్ధం ఎడ్లు లేక చేజారింది.

ఈ రెండు సైన్యాలకూ తేడా ఎక్కడ వచ్చింది? ఎద్దు రెండు వైపులా ఎద్దే. మైసూరు సైన్యం తన ఎడ్లను దూడనాటి నుంచి తానే పెంచుకుంది. కుంపిణీ సైన్యం ఎక్కువగా యుద్ధం వచ్చినప్పుడు గుత్తేదారుల ద్వారా ఎడ్లను కూర్చుకుంది. గుత్తేదారుకు తలకు ఇంత అని డబ్బు వస్తుంది. లెక్కలో ఎద్దు ఉంటే అతనికి చాలు, దాని పొట్టలో గడ్డి ఉందా లేదా అన్నది అతని నష్టం కాదు. తోలేవాడు కూలికి వచ్చినవాడు, గుండ్లు పడితే వదిలి పారిపోతాడు. ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన ఎడ్లు, ఒకదానికొకటి ఈడూ జోడూ కుదరనివి, ఆ మేతకు ఆ నీళ్ళకు అలవాటు లేనివి, నెల తిరిగేసరికి కూలబడేవి.

లంబాడీల ఎడ్లు

ఇదే యుద్ధంలో మన వాళ్ళకు సంబంధించిన మాట ఒకటి ఉన్నది. 1791 దెబ్బతో బుద్ధి తెచ్చుకున్న కార్న్‌వాలిస్ రెండోసారి బయలుదేరే ముందు ధాన్యం మోయడానికి బంజారాలను, అంటే మన లంబాడీలను, ఆశ్రయించాడు. నేడు తెలంగాణలోను, ఆంధ్రలోను తండాలలో ఉంటున్న లంబాడీల పూర్వులు ఆ రోజుల్లో వేల సంఖ్యలో పెరిక ఎడ్లను తోలుకుంటూ కోస్తా నుంచి ఉప్పు లోపలికి, లోపలి నుంచి ధాన్యం మరొక చోటికి చేరవేస్తూ దేశమంతా తిరిగేవారు. ఏ రాజు సైన్యమైనా వారి దగ్గర ధాన్యం కొనుక్కోవలసిందే.

వారి ఎడ్లు ఎందుకు నిలిచాయంటే, ఎద్దు సొంతం, దూడ సొంతం, తోలేది ఇంటి మనిషి. ఆడవాళ్ళు, పిల్లలతో సహా తండా మొత్తం మందవెంట నడిచేది. పూటకు ఇంత దూరమే అని నడిపి, గడ్డి ఉన్నచోట దింపి మేపుకునేవారు. ఎద్దు చస్తే ఆ ఇంటికి నష్టం. 1792 ఫిబ్రవరిలో కార్న్‌వాలిస్ మళ్ళీ శ్రీరంగపట్నం ముందు నిలిచినప్పుడు ఆయన సైన్యానికి తిండి కరువు కాలేదు. టిప్పు సంధికి దిగి సగం రాజ్యం వదులుకోవలసి వచ్చింది. చరిత్ర పుస్తకాలలో సేనాపతుల పేర్లు ఉన్నంతగా ఆ తండాల పేర్లు లేవు.

1799 మే 4న టిప్పు మరణించి శ్రీరంగపట్నం పడిపోయాక అమృత్ మహల్ మందలు ఇంగ్లీషువాళ్ళ వశమయ్యాయి. అక్కడ అధికారిగా కూర్చున్న ఆర్థర్ వెల్లెస్లీ, అనంతరం వెల్లింగ్టన్ ప్రభువుగా పేరు పొంది నెపోలియన్‌ను ఓడించినవాడు, వాటి విలువ బాగా గ్రహించాడు. ఆయన ఆ కాలంలో రాసిన ఉత్తరాలలో సిపాయిల సంగతి ఎంత ఉంటుందో బియ్యం, ఎడ్ల సంగతి అంత ఉంటుంది. 1803 సెప్టెంబరు 23న, నేటి మహారాష్ట్రలోని అస్సాయే వద్ద మరాఠాలతో జరిగిన యుద్ధంలో ఎదుటి ఫిరంగుల దెబ్బకు ఆయన ఫిరంగుల ఎడ్లు కాడి కిందనే చచ్చి పడిపోయాయి. లాగేవి లేక ఫిరంగులు అక్కడే ఆగిపోతే సిపాయిలు వాటిని వదిలి ముందుకు నడవవలసి వచ్చింది. ఆనాటి ఎడ్ల చావులను ఎవరూ పాటగా కట్టలేదు. తర్వాత స్పెయిన్, పోర్చుగల్ దేశాలలో యుద్ధాలు చేస్తున్నప్పుడు కూడా ఆయన మైసూరు ఎడ్లు లేవే అని విచారపడ్డాడని చెబుతారు.

1842లో అఫ్గనిస్థాన్‌లో జనరల్ పొల్లాక్ సైన్యంతో 230 అమృత్ మహల్ ఎడ్లు ఉండినవి. వాటి బాధ్యత చూసిన కెప్టెన్ డేవిడ్సన్, ఆ సైన్యంలో మరే లాగుడు పశువులూ వీటికి సాటి రాలేదనీ, దారి కాని దారుల్లో ఒక్కొక్కప్పుడు పదహారు గంటలు కాడి కింద ఉండినవనీ తెలియజేశాడు. మైసూరు బీళ్ళలో పాలు తాగి పెరిగిన దూడలు హిందూకుష్ కొండల దాపున రాళ్ళలో నడిచాయి.

పొదుపు పేరిట అమ్మకం

సభ్యులారా, లెక్కలు చూసే ఉద్యోగం మాది కాబట్టి ఈ కథలో మమ్మల్ని అన్నిటికంటే ఆలోచింపజేసిన సంగతి ఇప్పుడు చెప్పబోయేది. 1860లో మద్రాసు ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోవాలని నిశ్చయించి అమృత్ మహల్ శాఖను ఎత్తివేసింది. మందలను అమ్మివేసింది. కాగితం మీద అది సబబైన నిర్ణయమే. కాపరుల జీతాలు మిగిలాయి, కావళ్ళ కాపలా ఖర్చు మిగిలింది, అమ్మిన డబ్బు ఖజానాకు జమపడింది. ఆ సంవత్సరం జమాఖర్చు చూసిన ఆడిటరు ఎవరైనా మెచ్చుకుని ఉంటాడు.

ఆరేళ్ళు తిరగలేదు. సైన్యానికి మంచి ఎడ్లు ఎక్కడా దొరకడం లేదని తెలిసివచ్చింది. 1866లో శాఖను మళ్ళీ నిలబెట్టారు. రెండు వందల ఏళ్ళపాటు ఏరి కూర్చిన మందను ఒక వేలంలో చెదరగొట్టవచ్చు. తిరిగి చేర్చాలంటే ఊరూరా తిరిగి, మిగిలినవాటిని వెతికి కొనవలసిందే. 1882లో ఆ మందలను మైసూరు సంస్థానానికి అప్పగించారు. తర్వాత ఇంజన్లు, మోటారు లారీలు వచ్చి ఫిరంగుల నుంచి ఎద్దును తప్పించాయి.

అమృత్ మహల్ జాతి ఇప్పటికీ ఉన్నది. చిక్కమగళూరు జిల్లా అజ్జంపురలో కర్ణాటక ప్రభుత్వపు పశు క్షేత్రం వాటిని పెంచుతున్నది. కావళ్ళు మాత్రం చాలావరకు సాగులోకి, ఇతర పనుల్లోకి పోయాయి. మన రాయదుర్గం, కళ్యాణదుర్గం పొలిమేరలకు దగ్గరలోనే ఉన్న చళ్ళకెరె తాలూకాలో 2010 ప్రాంతంలో సుమారు పదివేల ఎకరాల కావల్ భూమిని రక్షణ పరిశోధన సంస్థకు, అంతరిక్ష, అణు శాస్త్ర సంస్థలకు ఇచ్చారు. అక్కడ 2017లో మనిషి లేని విమానాలను పరీక్షించే రంగం ప్రారంభమయింది. ఒకనాడు సైన్యపు ఎడ్లు మేసిన గడ్డి మీద నేడు సైన్యపు విమానాలు దిగుతున్నాయి. ఆ బీళ్ళలో గొర్రెలు, పశువులు మేపుకుని బతికే పల్లెలవారు తమ మేత పోయిందని న్యాయస్థానాల దాకా వెళ్ళారు. దేశానికి రెండూ కావాలి. అయితే మేత భూమి ఒకసారి చేయి జారితే తిరిగి రావడం ఎంత కష్టమో మన ఊళ్ళ గ్రామకంఠాలు, పశువుల బీళ్ళు చూసినవారికి వేరే చెప్పనవసరం లేదు.

మన పాకలోని దూడ

ఇంతవరకు విన్నదానికీ మన పాల సంఘానికీ సంబంధం ఏమిటంటే, మనలో అనేకమంది మైసూరు దారి వదిలి కుంపిణీ దారిలో నడుస్తున్నాము. మేము తనిఖీకి వెళ్ళిన ఊళ్ళలో పాల రిజిస్టరు బాగానే ఉంటుంది. పూట పూటకూ లీటర్లు, వెన్న శాతం, సొమ్ము రాసి ఉంటాయి. ఈ సంవత్సరం ఎన్ని దూడలు పుట్టాయి, ఎన్ని బతికాయి అని అడిగితే జవాబు చెప్పే పుస్తకం ఉండదు. సహకార డిప్లొమా చదివే రోజుల్లో మాకు నేర్పిన మొదటి పాఠం, నగదు లెక్క చూసే ముందు సరుకు నిల్వ చూడమని. పాల సంఘానికి నిల్వ అంటే రేపటి పాడి, అంటే ఈనాటి పెయ్య దూడ.

ఒక సంఘంలో రుణ ఖాతాలు చూస్తున్నప్పుడు ఒకే సభ్యుని పేరు మూడుసార్లు కనబడింది. మొదటి అప్పుతో సంతలో గేదెను కొన్నారు. దూడకు ఒక చన్ను కూడా సరిగా వదలకుండా పాలన్నీ కేంద్రానికి పోశారు. దూడ నెల లోపే పోయింది. దూడ లేక గేదె సరిగా చేపలేదు, పాలు తగ్గాయి. వట్టిపోయాక మేపలేక తక్కువ ధరకు అమ్మి వాయిదా కట్టారు. మళ్ళీ అప్పు, మళ్ళీ సంత. ఆ సభ్యుడు పనిదొంగ కాడు, తాగుబోతు కాడు. తెల్లవారుజామునే లేచి కష్టపడే మనిషి. ఆ ఇంట్లో మొదటి గేదెకు పుట్టింది పెయ్య దూడ. అది బతికి ఉంటే మూడో అప్పు నాటికి చూడి కట్టి ఉండేది.

"తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను కొనాలి" అని మన పెద్దలు అన్నారు. సంతలో మనకు తల్లి కనబడదు. దళారి చెప్పిన పాలు నమ్మాలి. రెండు పూటలు పిండకుండా పొదుగు బిగియగట్టి చూపిన దాన్ని నమ్మాలి. ఇంట్లో పుట్టిన పెయ్యకు తల్లి ఎన్ని పాలు ఇచ్చిందో మన సంఘం పుస్తకంలోనే ఉంటుంది. మన నీళ్ళు, మన మేత దానికి పుట్టినప్పటి నుంచి అలవాటు.

దూడకు పాలు వదిలితే సొమ్ము నష్టం కదా అని అక్కచెల్లెళ్ళు కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. అది న్యాయమైన ప్రశ్న. పాలు పోస్తేనే ఆ పక్షం సరుకులు వస్తాయి. దానికి మా లెక్క ఇది. దూడ బరువులో పదో వంతు పాలు రోజుకు చాలు. ముప్పై కిలోల దూడకు మూడు లీటర్లు, అదీ మొదటి నెలలో. ఆ తర్వాత దూడల దాణా, లేత గడ్డి అలవాటు చేస్తూ పాలు క్రమంగా తగ్గించవచ్చు. సంతలో మంచి గేదె ధర ఎంత ఉన్నదో, దానిమీద వడ్డీ ఎంతో మీకు తెలుసు. ఈ కొద్ది నెలల పాల ఖరీదును ఆ ధర పక్కన పెట్టి మీరే కూడి చూసుకోండి.

ఈనిన గంట రెండు గంటల లోపు జున్నుపాలు దూడకు తాగించాలి. మాయ పడేదాకా ఆగనక్కరలేదు. రోగాన్ని తట్టుకునే శక్తి దూడకు ఆ పాల నుంచే రావాలి, ఆలస్యమైన కొద్దీ దాని పేగు ఆ శక్తిని పీల్చుకోలేదు. బొడ్డు శుభ్రంగా కోసి టింక్చర్ అయోడిన్ రాయాలి. గేదె దూడలకు తల్లి నుంచే ఏలికపాములు వస్తాయి కాబట్టి పది పదిహేను రోజులలోపే పశువైద్యుని సలహాతో మందు తాగించాలి. తెల్లపారుడు కనబడితే రేపు చూద్దామని ఊరుకోకూడదు. పెయ్య దూడకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు మధ్య బ్రూసెల్లా టీకా వేయించాలి. సరిగా మేపిన గేదె పెయ్య మూడున్నర, నాలుగేళ్ళకు ఈనుతుంది. పస్తులు పెట్టినది ఐదేళ్ళు దాటినా ఈనకపోవచ్చు. మొక్కై వంగనిది మానై వంగునా అన్నట్లు, మొదటి ఆరు నెలల్లో గిడసబారిన దూడకు తర్వాత ఎంత దాణా పెట్టినా ఆ లోటు పూర్తిగా తీరదు.

కాబట్టి సంఘాల ముందు మేము మూడు పనులు ఉంచుతున్నాము. వీటికి ప్రభుత్వ ఉత్తర్వు ఏమీ అక్కరలేదు, పాలకవర్గం తీర్మానం చాలు.

మొదటిది, ప్రతి సంఘంలో దూడల రిజిస్టరు ఒకటి పెట్టండి. సభ్యుని పేరు, తల్లి పశువు, పుట్టిన తేదీ, పెయ్యా కోడెదూడా లేక దున్నదూడా, జున్నుపాలు పట్టారా, ఏలికపాముల మందు పడ్డదా, టీకా పడ్డదా, ఉన్నదా పోయిందా. ఒక్క వరుస చాలు. నలభై పుటల నోటు పుస్తకంతో పని నడుస్తుంది.

రెండవది, నెలకొకసారి పాలకవర్గ సమావేశంలో ఆ పుస్తకం చదవండి. ఏడాదికొకసారి, సర్వసభ్య సమావేశం నాడు, ఊళ్ళోని పెయ్యలన్నిటినీ ఒకచోటికి తోలించి అందరి ముందు లెక్క పెట్టండి. అధ్యక్షులవారు స్వయంగా నిలబడాలి. టిప్పు సుల్తానుకు తీరిక దొరికిన పనికి మన అధ్యక్షులకు తీరిక లేదనడం బాగుండదు. బాగా పెంచిన సభ్యురాలికి బోనసు పంచేటప్పుడు ఒక దాణా బస్తా బహుమతిగా ఇవ్వండి.

మూడవది, పశువుల కొనుగోలు అప్పు సిఫారసు చేసే ముందు పాత పశువు దూడ ఏమైందని అడిగి దరఖాస్తు మీద రాయండి. అప్పు ఆపడానికి ఈ మాట చెప్పడం లేదు. కష్టంలో ఉన్న సభ్యునికి అప్పు ఇవ్వవలసిందే. ఆ ప్రశ్న అడుగుతారని తెలిస్తే చాలు, రెండో పూట పాలు పిండేటప్పుడు చేయి కాస్త ఆగుతుంది.

కరువు వచ్చినప్పుడు ముందుగా సంతకు పోయేది పెయ్యే అని మాకు తెలుసు. ఇంట్లో తిండి లేనప్పుడు దూడను దాచుకోమని చెప్పడం తేలిక, దాచుకోవడం కష్టం. ఒక్క ఇంటి వల్ల కాని ఆ పని కోసమే సంఘం ఉన్నది. గడ్డి ధర పెరగకముందే సంఘం కొని నిల్వ చేసి, ఎండకాలంలో పెయ్యలున్న ఇళ్ళకు కొన్న ధరకే ఇవ్వవచ్చు. కొన్ని సంఘాలు తమ నిధులతో ఈ పని మొదలు పెట్టాయి. మైసూరువాళ్ళు ఎండకాలపు కావలిని కాపాడుకున్నది ఇందుకే.

ఫిరంగులు లాగిన ఆ ఎడ్లకు యుద్ధం అవసరమై రాలేదు. మనుషుల తగవుల్లో అవి కాడి మోశాయి, వాటి చావులకు లెక్క లేదు. మన పశువులకు అటువంటి కష్టం లేదు. అవి అడిగేది కడుపు నిండా పాలు, గడ్డి, ఇంత నీడ. సాయంత్రం పాలు పోసే వేళ అవుతున్నది, మీరంతా ఇళ్ళకు చేరుకోవాలి. వచ్చే తనిఖీలో పాల రిజిస్టరు కంటే ముందుగా దూడల రిజిస్టరు అడుగుతామని కార్యదర్శులందరికీ ఇప్పుడే తెలియజేస్తున్నాము.